రైలు కిటికీలలో స్మార్ట్ అద్దాలు

రైలు కిటికీలలో స్మార్ట్ అద్దాలు అనగా విద్యుత్తు సహాయంతో తమ గుండా ప్రసరించే కాంతిని నియంత్రించగల అద్దాలు. వీటిని విద్యుత్ నియంత్రిత అద్దాలు అని కూడా వ్యవహరిస్తారు. మామూలు కిటికీకి తెర లేదా తలుపు చేసే పనిని ఇక్కడ అద్దమే చేస్తుంది. మీట నొక్కినపుడు గాని, ముందుగా ఏర్పాటు చేసిన సంకేతం అందినపుడు గాని అద్దం పాలవలె తెల్లబడుతుంది, లేదా ముదురు రంగుకు మారుతుంది. ఇవి ప్రధానంగా మూడు రకాలు: ద్రవ స్ఫటిక అద్దాలు, అవలంబిత కణ అద్దాలు, ఎలక్ట్రోక్రోమిక్ అద్దాలు. మూడింటికీ స్మార్ట్ అద్దం అనే పేరు ఉన్నప్పటికీ వీటి స్వభావాలు వేరు. మొదటిది చూపును మాత్రమే అడ్డగిస్తుంది. మిగిలిన రెండు ఎండను కూడా తగ్గిస్తాయి. అందువలన రైలులో ఏ కిటికీకి ఏ అద్దం తగినది అన్నది, ఆ కిటికీ ఎవరి కోసం, ఏ ప్రయోజనం కోసం మసకబారాలి అనే దానిపై ఆధారపడి ఉంటుంది.

అవసరం

రైలు పెట్టెకు కిటికీ వెలుతురును, బయటి దృశ్యాన్ని ఇస్తుంది. దానితో పాటే ఎండ వేడిమి, కంటికి మిరుమిట్లు గొలిపే కాంతి కూడా లోపలికి వస్తాయి. నిర్మలమైన ఆకాశం ఉన్న మధ్యాహ్న వేళ సూర్యునికి అభిముఖంగా ఉన్న ఒక చదరపు మీటరు వైశాల్యంపై పడే సౌరశక్తి సుమారు 1000 వాట్లు. ఇందులో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో ఉంటుంది. శీతలీకరణ గల పెట్టెలో ఈ వేడిమిని తొలగించే భారం ఏ.సి. యంత్రంపై పడుతుంది.

దీనికి పాత పరిష్కారాలు మూడు. స్లీపర్ తరగతిలో కిటికీకి అద్దపు తలుపు, లోహపు తలుపు అని రెండు ఉంటాయి. లోహపు తలుపు దించితే ఎండతో పాటు వెలుతురు కూడా పోతుంది. ఏ.సి. పెట్టెలలో రంగు వేసిన అద్దం వాడతారు. ఇది పగటివేళ ఉపయోగపడినా సాయంకాలం దృశ్యాన్ని చీకటి చేస్తుంది. మూడవది గుడ్డ తెర. దీనిని తరచుగా ఉతకవలసి ఉంటుంది. 2020 మార్చిలో కోవిడ్-19 వ్యాప్తి మొదలైనపుడు భారతీయ రైల్వేలు ఏ.సి. పెట్టెలలోని తెరలను తొలగించాయి. 2022 మార్చిలో వాటిని తిరిగి అనుమతించాయి. గుడ్డ లేకుండానే తెర పని చేయగల అద్దంపై ఆసక్తి కలగడానికి ఇటువంటి ఇబ్బందులు కూడా కారణమే.

చరిత్ర

కాంతిని విద్యుత్తుతో నియంత్రించాలనే ఆలోచన రైళ్ళ కోసం పుట్టినది కాదు. పోలరాయిడ్ సంస్థ స్థాపకుడైన అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ లాండ్ 1930వ దశకంలో, ద్రవంలో తేలియాడే సూక్ష్మ స్ఫటికాలను విద్యుత్ క్షేత్రంతో ఒకే దిశకు తిప్పి కాంతిని నియంత్రించే పరికరాన్ని ప్రతిపాదించాడు. ఇందుకు 1852లో విలియం బర్డ్ హెరాపథ్ కనుగొన్న హెరాపథైట్ అనే క్వినైన్, అయోడిన్‌ల సమ్మేళనం ఆధారమైంది. అవలంబిత కణ అద్దానికి ఇదే మూలం. ఈ విధానాన్ని అభివృద్ధి చేసిన రీసెర్చ్ ఫ్రాంటియర్స్ అనే సంస్థ 1965లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏర్పడింది.

విద్యుత్తు వలన పదార్థపు రంగు మారడాన్ని ఎలక్ట్రోక్రోమిజం అంటారు. 1961లో జాన్ ప్లాట్ ఈ పదాన్ని ఉపయోగించాడు. 1969లో సత్యేన్ దేబ్ టంగ్‌స్టన్ ఆక్సైడ్ పలుచని పొరలో ఈ ధర్మాన్ని ప్రదర్శించాడు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్-గోరాన్ గ్రాంక్విస్ట్ ఆ పరిశోధనను కిటికీ అద్దాల వైపు మళ్ళించినవారిలో ముఖ్యుడు. ద్రవ స్ఫటిక అద్దాలు 1980వ దశకంలో జేమ్స్ ఫెర్గాసన్ కృషి వలన, అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం డోన్ బృందం కృషి వలన రూపుదిద్దుకున్నాయి.

పనిచేసే విధానం

మూడు రకాలలోనూ కొంత నిర్మాణం ఉమ్మడిగా ఉంటుంది. రెండు అద్దాలకు గాని, రెండు ప్లాస్టిక్ పొరలకు గాని లోపలి వైపున ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక వాహకాన్ని పలుచగా పూస్తారు. ఈ రెండు వాహకాలు ఎలక్ట్రోడులుగా పనిచేస్తాయి. వాటి మధ్య ఉంచిన పదార్థాన్ని బట్టి అద్దం రకం మారుతుంది.

ద్రవ స్ఫటిక అద్దం: దీనిని సంక్షిప్తంగా పి.డి.ఎల్.సి. అంటారు. ఇందులో పారదర్శకమైన పాలిమర్ పొరలో ద్రవ స్ఫటికాల సూక్ష్మ బిందువులు చెదిరి ఉంటాయి. విద్యుత్తు లేనపుడు ఒక్కొక్క బిందువులోని అణువులు ఒక్కొక్క దిశలో ఉంటాయి. అప్పుడు బిందువుల వక్రీభవన గుణకం, పాలిమర్ వక్రీభవన గుణకం సమానం కావు. కాంతి పరిక్షేపణం చెంది అద్దం పాలవలె కనిపిస్తుంది. కొన్ని పదుల వోల్టుల ఏకాంతర విద్యుత్తు ఇచ్చినపుడు అణువులన్నీ క్షేత్ర దిశకు తిరుగుతాయి. రెండు గుణకాలు సమానమై అద్దం పారదర్శకమవుతుంది. ఈ మార్పు సెకనులో అతి స్వల్ప భాగంలో జరుగుతుంది. అద్దం స్పష్టంగా ఉన్నంతసేపు చదరపు మీటరుకు కొన్ని వాట్ల శక్తి ఖర్చవుతుంది.

పాలవలె తెల్లబడిన అద్దం ఎండను ఆపుతుందని పలువురు భావిస్తారు. ఇది సరికాదు. ఇక్కడ కాంతి చెదురుతుందే గాని శోషింపబడదు. చెదిరిన కాంతిలో అధిక భాగం ముందుకే, అనగా పెట్టెలోపలికే వస్తుంది. కనుక దృశ్యం మాయమైనా వేడిమి పెద్దగా తగ్గదు.

అవలంబిత కణ అద్దం: దీనిని ఎస్.పి.డి. అంటారు. ఇందులో కాంతిని శోషించే సూదుల వంటి సూక్ష్మ కణాలు ద్రవ బిందువులలో అవలంబనంగా ఉంటాయి. విద్యుత్తు లేనపుడు కణాలు అడ్డదిడ్డంగా ఉండి అద్దం ముదురు నీలంగా, దాదాపు చీకటిగా మారుతుంది. విద్యుత్తు ఇచ్చినపుడు కణాలు ఒకే దిశకు తిరిగి కాంతికి దారి ఇస్తాయి. వోల్టేజిని తగ్గిస్తూ పెంచుతూ మధ్య స్థాయులను కూడా పొందవచ్చు. మార్పుకు కొద్ది సెకన్లు చాలు. 2011లో మెర్సిడెస్-బెంజ్ ఎస్.ఎల్.కె. కారు పైకప్పు అద్దానికి ఈ విధానాన్ని ఉపయోగించారు.

ఎలక్ట్రోక్రోమిక్ అద్దం: ఇది ఒక రకంగా పలుచని బ్యాటరీ వంటిది. ప్రసిద్ధమైన నమూనాలో ఒక వైపు టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొర, మరొక వైపు అయాన్లను నిల్వ చేసే పొర, నడుమ అయాన్ వాహకం ఉంటాయి. 5 వోల్టులకు మించని ఏకముఖ విద్యుత్తు ఇచ్చినపుడు లిథియం అయాన్లు, ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ ఆక్సైడ్‌లోకి చేరి దానిని నీలంగా మారుస్తాయి. విద్యుత్తు దిశను మార్చితే రంగు పోతుంది. మార్పు జరిగేటపుడు మాత్రమే శక్తి ఖర్చవుతుంది. విద్యుత్తు ఆపినా అద్దం చాలాసేపు అదే స్థితిలో నిలుస్తుంది. అయితే మార్పు నిదానంగా జరుగుతుంది. చిన్న కిటికీకి ఒకటి రెండు నిమిషాలు పడితే, పెద్ద అద్దానికి పది నిమిషాలు దాటవచ్చు.

ముఖ్యమైన భేదాలు

* విద్యుత్తు పోయినపుడు: ద్రవ స్ఫటిక అద్దం పాలవలె మారుతుంది. అవలంబిత కణ అద్దం చీకటి అవుతుంది. ఎలక్ట్రోక్రోమిక్ అద్దం అప్పటికి ఉన్న స్థితిలోనే ఉంటుంది.
* వేగం: మొదటిది తక్షణం, రెండవది సెకన్లలో, మూడవది నిమిషాలలో మారుతుంది.
* ఎండ: మొదటిది ఎండ వేడిమిని పెద్దగా తగ్గించదు. మిగిలిన రెండు తగ్గిస్తాయి.
* దృశ్యం: మొదటిది మసకబారినపుడు బయట ఏమీ కనిపించదు. మిగిలిన రెండింటిలో అద్దం పాక్షికంగా ముదిరినపుడు కూడా బయటి దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది.

రైళ్ళలో వినియోగం

సింగపూరులోని బుకిట్ పంజాంగ్ తేలికపాటి రైలు మార్గం ఈ అద్దాల వినియోగానికి చక్కని ఉదాహరణ. 1999 నవంబరు 6న ప్రారంభమైన ఈ మార్గంలో చోదకుడు లేని రైళ్ళు ఎత్తైన వంతెనలపై, ప్రభుత్వ గృహసముదాయాల పక్కగా నడుస్తాయి. కొన్ని చోట్ల రైలు నివాసాల కిటికీలకు మిక్కిలి సమీపంగా పోతుంది. ఇళ్ళలోనివారి ఏకాంతానికి భంగం కలగకుండా, ఆయా స్థలాలకు చేరగానే రైలు కిటికీ అద్దాలు వాటంతట అవే మసకబారి, ఆ స్థలం దాటగానే తిరిగి స్పష్టమయ్యే ఏర్పాటు చేశారు. ఇక్కడ అద్దం మసకబారడం ప్రయాణికుల సౌకర్యం కోసం కాదు, రైలులో ప్రయాణించని వారి హక్కు కోసం. ప్రయాణికునికి దీనిపై నియంత్రణ ఉండదు. వేగంగా మారవలసి ఉండడం, ఎండకు బదులు చూపును అడ్డగించవలసి ఉండడం వలన ఇటువంటి పనికి ద్రవ స్ఫటిక విధానం అనువైనది.

జర్మనీలో 1999, 2000 సంవత్సరాలలో సేవలోకి వచ్చిన ఐ.సి.ఇ.-టి, ఐ.సి.ఇ.-3 రైళ్ళలో చోదకుని గదికి, దాని వెనుక ఉన్న ప్రయాణికుల భాగానికి నడుమ అద్దపు గోడ ఉంటుంది. ఆ భాగంలో కూర్చున్నవారు చోదకుని భుజాల మీదుగా ముందరి పట్టాలను చూడవచ్చు. అవసరమైనపుడు చోదకుడు మీట నొక్కి ఈ గోడను మసకబార్చగలడు. ఇక్కడ నియంత్రణ చోదకునిది.

విమానాల అనుభవం

పెద్ద ఎత్తున ప్రయాణికుల కిటికీలకు ఎలక్ట్రోక్రోమిక్ విధానాన్ని వాడినది బోయింగ్ 787 విమానం. ఇది 2011 అక్టోబరులో ఆల్ నిప్పాన్ ఎయిర్‌వేస్ ద్వారా, 2012 సెప్టెంబరులో ఎయిర్ ఇండియా ద్వారా సేవలోకి వచ్చింది. ఇందులో కిటికీకి జారుడు తలుపు లేదు. కిటికీ కింద ఉన్న మీటతో ప్రయాణికుడు కాంతిని అంచెలంచెలుగా తగ్గించుకోవచ్చు. సిబ్బంది కూడా అన్ని కిటికీలను ఒకేసారి నియంత్రించగలరు. మార్పు నిదానంగా జరగడం, సూర్యబింబం నేరుగా ఎదురైనపుడు వెలుగు పూర్తిగా ఆగకపోవడం దీనిలో తెలిసివచ్చిన లోపాలు. 787 కిటికీ సుమారు 47 సెంటీమీటర్ల ఎత్తు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. రైలు కిటికీ దీనికి అనేక రెట్లు పెద్దది. అద్దం పెరిగిన కొద్దీ మార్పుకు పట్టే కాలం కూడా పెరుగుతుంది కనుక విమానంలో నెగ్గిన అద్దం రైలుకు యథాతథంగా సరిపోదు.

భారతీయ రైల్వేలలో

అద్దపు పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నిర్మించింది. దీనిని 2017 ఏప్రిల్ 16న విశాఖపట్నం – అరకు మార్గంలో ప్రవేశపెట్టారు. తూర్పు కనుమల అందాలను, లోయలను చూడడానికి వీలుగా ఇందులో పెద్ద కిటికీలు, తిరిగే ఆసనాలు అమర్చారు. తరువాత ఎల్.హెచ్.బి. నమూనాలో నిర్మించిన విస్టాడోమ్ పెట్టెకు 2020 డిసెంబరులో గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పరీక్ష జరిగింది. ఈ నమూనాలో పైకప్పు అద్దాలను విద్యుత్తుతో మసకబార్చే సదుపాయం కల్పించారు.

అరకు మార్గం స్మార్ట్ అద్దానికి కఠినమైన పరీక్ష వంటిది. కొత్తవలస – కిరండూల్ మార్గంలో భాగమైన ఈ దారిలో సొరంగాలు వెంటవెంటనే వస్తాయి. సొరంగంలో అద్దం స్పష్టంగా ఉన్నా ఇబ్బంది లేదు. వెలుపలికి రాగానే ఎండ ఒక్కసారిగా పడుతుంది. నిమిషాల తరబడి మారే ఎలక్ట్రోక్రోమిక్ అద్దం ఈ మార్పులను అనుసరించలేదు. తక్షణం మారే ద్రవ స్ఫటిక అద్దం అనుసరించగలదు గాని, వేడిమిని ఆపలేదు. పైగా అది తెల్లబడినపుడు ప్రయాణికుడు ఏ దృశ్యం కోసం వచ్చాడో అదే కనిపించకుండా పోతుంది.

భద్రత, నిర్వహణ

విద్యుత్తు పోయినపుడు అద్దం ఏ స్థితిలో ఉంటుందన్నది రైలులో కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. ప్రమాదంలో విద్యుత్ సరఫరా ఆగితే ద్రవ స్ఫటిక అద్దాలు తెల్లబడతాయి, అవలంబిత కణ అద్దాలు చీకటి అవుతాయి. లోపలివారికి ఏ వైపు దిగడం క్షేమమో, పక్క పట్టాలపై మరొక రైలు వస్తున్నదో లేదో తెలియదు. వెలుపలి రక్షకులకు లోపల ఎవరున్నారో కనిపించదు. కావున అత్యవసర ద్వారంగా వాడే కిటికీకి మామూలు అద్దాన్నే ఉంచడం గాని, ఆ అద్దానికి బ్యాటరీ నుండి ప్రత్యేక సరఫరా ఇవ్వడం గాని అవసరం.

భారతీయ ఏ.సి. పెట్టెలలో బ్యాటరీ సరఫరా 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ద్రవ స్ఫటిక, అవలంబిత కణ అద్దాలకు ఏకాంతర విద్యుత్తు కావాలి. అందుచేత మధ్యలో ఇన్వర్టర్ అవసరమవుతుంది. కాంతిని శోషించే అద్దాలు తామే వేడెక్కుతాయి. ఆ వేడి లోపలికి రాకుండా జంట అద్దాల నడుమ గాలి ఖాళీని ఉంచి, మసకబారే పొరను వెలుపలి అద్దం వైపు అమరుస్తారు. అతినీలలోహిత కిరణాలు ఈ పొరలను క్రమంగా పాడుచేస్తాయి. కాబట్టి వాటిని ఆపే పొర కూడా ఉండాలి.

రాళ్ళ దాడి మరొక సమస్య. 2023 జనవరి 11న, సికింద్రాబాదు – విశాఖపట్నం వందేభారత్ రైలు ప్రారంభానికి కొద్ది రోజుల ముందు, విశాఖపట్నం కంచరపాలెం వద్ద ఆ రైలు కిటికీ అద్దం రాయి దెబ్బకు పగిలింది. మామూలు అద్దం పగిలితే అద్దాన్ని మార్చితే చాలు. స్మార్ట్ అద్దం పగిలితే వాహక పొరలను, విద్యుత్ తీగల అతుకులను కూడా మార్చవలసి ఉంటుంది. అద్దం అంచులలోకి తేమ చేరితే పొరలు విడిపోయి మచ్చలు ఏర్పడతాయి.

చోదకుని ముందరి అద్దానికి ఈ విధానాలు తగినవి కావు. సిగ్నళ్ళ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ఎల్లవేళలా యథాతథంగా కనిపించడం అక్కడ ముఖ్యం.

ఇవి కూడా చూడండి

* ద్రవ స్ఫటికం
* విస్టాడోమ్
* అరకులోయ
* వందేభారత్ ఎక్స్‌ప్రెస్
* కాంతి పరిక్షేపణం