మనుమరాలి క్రిస్మసు

ఈ ప్రసంగమునకు మూలము ఆరేండ్ల నా మనుమరాలు. మా పల్లె గద్వాలకును వనపర్తికిని నడుమ, కృష్ణకు కొంత దూరమున నున్నది. ఒక డిసెంబరు ఉదయమున ఆమె వీథినుండి పరుగున వచ్చి, "తాతా! ఊరంతయు మన పండుగకే ముగ్గులు వేయుచున్నారు" అనెను.

డిసెంబరు నడుమ ధనుర్మాసము ప్రవేశించును. నాటినుండి సంక్రాంతి వరకు ఇంటింట ముగ్గులే. క్రిస్మసు ఆ దినములలోనే వచ్చును. చిన్నదానికి పంచాంగము తెలియదు. నేను దిద్దలేదు, దిద్దుటకు మనసు రాలేదు.

నా బాల్యమున సంగతి వేరు. పండుగకు మా యమ్మ గోడలకు సున్నము కొట్టి, అరుగులకు ఎఱ్ఱమన్ను పూసెడిది. వాకిట మాత్రము ముగ్గు వేసెడిది కాదు. విడిచివచ్చిన మార్గపు జాడ గుమ్మమున నుండరాదని మా పెద్దల భయము. వారిని నేను నిందింపను. క్రొత్తగా గట్టు వేసిన వాడు గట్టునే చూచుకొనుచుండును. కాని వీథియంతయు తెల్లని ముగ్గులతో నుండగా మా వాకిలి యొక్కటి బోసిగా నుండుట నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఈ పండుగ మన సీమకు వచ్చిన త్రోవ చిత్రమైనది. అమెరికా బాప్తిస్టు మిషనువారు 1885లో పాలమూరున నెలకొనిరి. పిమ్మట 1899లో హైదరాబాదు రాజ్యమునకు మెన్నోనైటు బ్రెదరెను మిషనువారు వచ్చిరి. నేడు మనవారు ఎం.బి. సంఘమనునది వారిదే. నాగర్‌కర్నూలున 1906లోను, వనపర్తిలో 1915లోను వారు నిలిచిరి. గద్వాల బాప్తిస్టుల చేతినుండి 1937లో వారి చేతికి వచ్చెను. వీరు అమెరికానుండి వచ్చినను వారి యింటి భాష జర్మను. వారి పెద్దలు రష్యాలో గోధుమలు పండించి, 1874 మొదలు గుంపులుగా అమెరికాకు తరలిన రైతులు. క్రిస్మసు రాత్రి వారి పిల్లలు బల్లపై ఖాళీ పళ్లెములుంచి నిద్రపోవుదురట. తెల్లవారునప్పటికి వానిలో మిఠాయిలు, వేరుసెనగలు ఉండునట. మా పిల్లది ఆ కథ విని, "వాళ్లకును పల్లికాయ పండునా?" అని అడిగెను. పాలమూరి బిడ్డ అడుగదగిన ప్రశ్నయే! మా యింట పళ్లెములో అరిసెలు, గరిజెలు ఉండును.

ఆమె రెండవ ప్రశ్నకు నేను తడబడితిని. "బాలయేసును తొట్టిలో పండుకొనబెట్టిరి గదా, మరి యెద్దు మేత యెక్కడ తినెను?" లూకా సువార్త తెరచి చూచితిని. అందు పశువుల తొట్టి యున్నది, ఎద్దు లేదు! ఇటలీలోని గ్రెచ్చో అను కొండపల్లెలో 1223లో అస్సీసీ ఫ్రాన్సిసు అను సన్యాసి గడ్డితో తొట్టి నింపి, ఎద్దును గాడిదను తెచ్చి నిలిపి, పల్లెవారికి ఆ జన్మమును కన్నులయెదుట చూపెను. చిత్రములలో ఎద్దు అంతకు పూర్వమే యున్నను, అట్టి ప్రదర్శనములు వ్యాపించుటకు ఆ రాత్రియే ప్రసిద్ధమైన మూలము. డిసెంబరు 25 అను తేదియు గ్రంథమున లేదు; రోమునగరమున 336 నాటికి అది వాడుకలో నున్నది. గ్రంథమున లేదను కారణముననే అమెరికాలోని మస్సాచుసెట్సు వారు 1659 మొదలు 1681 వరకు ఈ పండుగను చట్టముచే నిషేధించిరి. మా యమ్మ బోసి వాకిలికి అంత దూరమునను చుట్టములు కలరన్నమాట.

ఇక నక్షత్రము. జర్మనీలోని నీస్కీ అను నూరి పాఠశాలలో 1830 ప్రాంతమున బాలురకు రేఖాగణితము నేర్పుటకు కాగితపు నక్షత్రములు చేయించిరి. అవి పండుగ దీపములై దేశదేశములకు ప్రాకెను. మా యింట వెదురుబద్దలకు గాలిపటపు కాగితమంటించి, లోపల దీపము పెట్టుదుము. అరుగు పైని దూలమునకు దానిని కట్టబోగా పిల్లది ఒప్పుకొనలేదు. "వేపచెట్టు కొననే కట్టవలెను తాతా. జ్ఞానులకు కనబడినట్లు నాయనకును కనబడును."

ఆమె తండ్రి, నా కుమారుడు, దసరా వెళ్లగానే బొంబాయికి కట్టుబడి పనికి పోయియుండెను. పాలమూరి బిడ్డలకిది క్రొత్త గాదు. క్రిస్మసుకు మేస్త్రి సెలవీయలేదు. పిల్లదానికి ఆ మాట చెప్పుటకు నాకు నోరాడలేదు. నిచ్చెన తెచ్చి చెట్టెక్కితిని.

పండుగ గడచెను. ఇరుగుపొరుగువారు నవ్వినను ఆమె నక్షత్రమును దింపనీయలేదు. మంచుకు కాగితము వెలసి, ఒక కోణము చినిగెను. వాడు సంక్రాంతికి రెండుదినములు ముందు తెల్లవారుజామున వచ్చెను. వీథిలో ముగ్గులింకను ఆరలేదు. అతని భుజమెక్కి, నక్షత్రమును ఆమెయే విప్పినది.