లెక్కకు రాని శస్త్రకారులు: మొజాంబిక్ జిల్లా ఆసుపత్రుల అనుభవం

ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స అందుబాటులో లేదని లాన్సెట్ కమిషన్ 2015లో తేల్చింది. ఏటా జరిగే 31 కోట్లకు పైగా ఆపరేషన్లలో నిరుపేద దేశాల వాటా 6 శాతమే. ఈ లోటు తీరాలంటే లక్ష జనాభాకు కనీసం 20 మంది స్పెషలిస్టులు ఉండాలని, సర్జన్లు, మత్తు వైద్యులు, ప్రసూతి వైద్యులను కలిపి కమిషన్ లెక్క కట్టింది. ఈ కొలమానం పేద దేశాల వాస్తవానికి సరిపోదని నా వాదన. దానికి మొజాంబిక్ అనుభవమే ఆధారం.

1975లో స్వాతంత్ర్యం రాగానే అక్కడి పోర్చుగీసు వైద్యుల్లో అత్యధికులు దేశం విడిచి వెళ్లిపోయారు. ఆ తర్వాత అంతర్యుద్ధం. కాన్పులో బిడ్డ తల ఇరుక్కుపోతే జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ చేసే దిక్కు లేదు. అలాంటప్పుడు గర్భసంచి చిట్లి తల్లి చనిపోవచ్చు. బతికినా, బిడ్డ తల గంటల తరబడి ఒత్తిన చోట కండ చచ్చి మూత్రాశయానికి రంధ్రం పడవచ్చు. ఆ పైన ఆపరేషన్ జరిగేదాకా ఆమెకు నిరంతరం మూత్రం కారుతూనే ఉంటుంది. అప్పటి ఆరోగ్యమంత్రి పాస్కోల్ మొకుంబి స్వయంగా ప్రసూతి వైద్యుడు. ఆయన హయాంలోనే 1984లో, డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి మూడేళ్ల శస్త్రచికిత్స శిక్షణ మొదలైంది. రెండేళ్లు రాజధాని మపుటోలో, ఒక ఏడాది ప్రాంతీయ ఆసుపత్రిలో. వీరిని 'తెక్నికో ద సిరుర్జియా' అంటారు.

వీరి పనితనం ఎలాంటిది? మపుటో కేంద్ర ఆసుపత్రిలో జరిగిన 2,071 సిజేరియన్లను పోల్చిన అధ్యయనం 1996లో వెలువడింది. అందులో 958 తెక్నికోలు చేసినవి, మిగతావి స్పెషలిస్టులు చేసినవి. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నిజమే, రాజధానిలో పక్కనే పెద్ద డాక్టర్లు ఉంటారు, జిల్లాల్లో ఆ అండ ఉండదు. అయితే అక్కడ ఆ పని చేసేది దాదాపు వీరే. 2007 నాటి మరో అధ్యయనం ప్రకారం జిల్లా ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద ప్రసూతి ఆపరేషన్లలో 92 శాతం వీరి చేతుల మీదుగానే జరిగాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం మరో అంశం. శిక్షణ ముగిసిన ఏడేళ్లకు కూడా తెక్నికోల్లో దాదాపు 90 శాతం జిల్లాల్లోనే ఉన్నారు. అక్కడికి వేసిన డాక్టర్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు.

సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, ఎముక బయటపడిన విరుపుకు చికిత్స: ఈ మూడూ రెండు గంటల ప్రయాణ దూరంలో దొరకాలని అదే కమిషన్ అంటోంది. తెక్నికోల శిక్షణ సరిగ్గా ఈ తరహా అత్యవసరాల కోసమే. పని మాత్రం లెక్కలోకి వస్తుంది, చేసే మనిషి రాడు. లెక్కలో లేనివారికి జీతం పెంచాలని, పదోన్నతి ఇవ్వాలని ఏ ఆర్థిక శాఖకూ తట్టదు. తక్కువ జీతం, గుర్తింపు లేకపోవడం వీరి ప్రధాన ఫిర్యాదులని మొజాంబిక్ పరిశోధనలే చెప్పాయి.

ఆక్సిజన్, కరెంటు, మత్తు ఇచ్చే మనిషి లేకుండా ఎవరి నైపుణ్యమూ అక్కరకు రాదు, అది వేరే చెప్పనక్కర్లేదు. జాంబియా, టాంజానియా వంటి దేశాలు ఇప్పటికే జాతీయ శస్త్రచికిత్స ప్రణాళికలు రాసుకున్నాయి. ఇకపై రాసే ప్రణాళికల్లో స్పెషలిస్టుల పక్కనే, ఆపరేషన్లు చేస్తున్న ఈ సిబ్బందికీ ఒక పట్టిక ఉండాలి. వారి జీతం, పర్యవేక్షణ, పదోన్నతులకు బడ్జెట్‌లో విడిగా నిధులు కేటాయించాలి.