నార్మల్ వక్రం: జూదపు లెక్క నుంచి ఉమ్మడి కొలబద్ద దాకా

నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను సూచించే గంట ఆకారపు వక్రం జూదపు లెక్కల్లో పుట్టింది. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లపై సాగిన అణచివేతతో లండన్ చేరిన అబ్రహాం డిమోయర్ (1667–1754) అక్కడ గణితం ట్యూషన్లు చెప్పుకుంటూ బతికాడు. నాణేన్ని వేలసార్లు ఎగరేస్తే ఇన్నిసార్లు బొమ్మ పడే అవకాశమెంతో చెప్పాలంటే ద్విపద గుణకాలెన్నో కట్టి కూడాలి. చేత్తో తెమిలే పని కాదు. ఆ కూడికకు బదులు ఒక ఘాతీయ వక్రం సరిపోతుందని 1733లో లాటిన్‌లో అచ్చయిన చిన్న పత్రంలో ఆయన చూపాడు. తర్వాత ఆయన పుస్తకం ‘ది డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్’లో చేరిన దాని ఆంగ్ల పాఠంలో ఒక ఉదాహరణ ఉంది: 3,600 ప్రయోగాల్లో సగం అవకాశమున్న ఘటన 1,770 నుంచి 1,830 సార్లు జరిగే సంభావ్యత 0.682688. సగటు 1,800కు అటూ ఇటూ ఉన్న ఆ 30, ప్రయోగాల సంఖ్య వర్గమూలంలో సగం. నేటి ప్రామాణిక విచలనం అదే. అప్పటికి దానికి పేరు లేదు.

తర్వాత ఈ వక్రం ఖగోళశాస్త్రానికి చేరింది. 1801 జనవరి 1న ఖగోళశాస్త్రవేత్త పియాజీ కనుగొన్న సెరెస్ అనే ఖగోళ వస్తువు కొద్ది వారాలకే సూర్యకాంతి చాటున కనిపించకుండా పోయింది. గణితవేత్త గౌస్ గణించిన కక్ష్య ఆధారంగా ఆ ఏడాది చివర అది మళ్లీ దొరికింది. పరిశీలనల్లోని దోషాలు ఈ వక్రాన్ని అనుసరిస్తాయన్న వాదనను గౌస్ 1809లో ప్రచురించాడు. చిన్న చిన్న స్వతంత్ర కారణాలు అనేకం కలిస్తే ఫలితం ఈ ఆకారంలోకే వస్తుందని 1810లో లాప్లాస్ నిరూపించాడు.

బెల్జియం శాస్త్రవేత్త కెట్లే దీన్ని మనుషులకు వర్తింపజేశాడు. 1846లో 5,738 మంది స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతలు ఈ వక్రానికి సరిపోతున్నాయని చూపాడు. వేర్వేరు కొలతలను పోల్చే దారి మాత్రం 1888లో ఫ్రాన్సిస్ గాల్టన్ వేశాడు. ఆయన లెక్కలో మనిషి మూర (మోచేయి నుంచి వేలి కొస దాకా పొడవు) ఒక అంగుళం పెరిగితే ఎత్తు సగటున 2.5 అంగుళాలు పెరుగుతోంది. ఎత్తు అంగుళం పెరిగితే మూర 0.26 అంగుళమే. ఎత్తును దాని విస్తరణ 1.75 అంగుళాలతో, మూరను దాని విస్తరణ 0.56 అంగుళంతో భాగించేసరికి ఎటునుంచి చూసినా 0.8 వచ్చింది. సహసంబంధ గుణకానికి పునాది ఇదే.

గాల్టన్ వాడిన విస్తరణ, సగటుకు అటూ ఇటూ సగం విలువలు ఇమిడే హద్దు. ప్రామాణిక విచలనంలో 0.6745 వంతు. ‘స్టాండర్డ్ డీవియేషన్’ అన్న పేరును 1893లో కార్ల్ పియర్సన్ పెట్టాడు. విలువ నుంచి సగటును తీసివేసి, మిగిలినదాన్ని ప్రామాణిక విచలనంతో భాగిస్తే అంగుళాలు, కిలోలు, మార్కులు అన్న తేడా పోతుంది. సగటు 0, విచలనం 1 అవుతాయి. దాంతో ప్రతి సమస్యకూ వేరే సంభావ్యతల పట్టిక అక్కర్లేకపోయింది. గణాంకవేత్త షెపర్డ్ 1903లో అన్నిటికీ పనికొచ్చే పట్టికలు ప్రచురించాడు. సగటుకు 1.96 విచలనాల లోపు 95 శాతం విలువలుంటాయన్న నియమం అన్ని నార్మల్ చలరాశులకూ ఒకటే. అయితే ఈ ప్రమాణీకరణ కొలమానాన్నే మారుస్తుంది. వంకర డిస్ట్రిబ్యూషన్‌ను నార్మల్‌గా మార్చదు.

ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక కొలతలకు ఈ పద్ధతిని 1936లో గణాంకవేత్త మహలనోబిస్ విస్తరించి, రెండు సమూహాల మధ్య ‘దూరం’ కొలిచే దారి చూపాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను 1946–48 మధ్య కేంబ్రిడ్జిలో ఆ ‘దూరం’తోనే విశ్లేషించాడు.