సీహెచ్‌పీ గేటు దగ్గర లాభం: సింగరేణి లెక్కలను మూడు నెలలకోసారి చదవవలసిన అవసరం

సింగరేణి ఆర్థిక చరిత్ర మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పని చాలావరకు ఒక మార్చి 31న మొదలై మరో మార్చి 31న ఆగిపోతుంది. ఏడాదికొక ఉత్పత్తి అంకె, ఒక టర్నోవర్, ఒక నికర లాభం, చివర లాభాల వాటా శాతం. ఈ నాలుగింటినీ పట్టికగా వేసి, కింద సమ్మెలు, హాజరు, యంత్రీకరణ అని మూడు కారణాలు రాస్తారు. గోదావరిఖనిలో నాలుగు వానాకాలాలు తిరిగాక ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. ఏడాది మొత్తాన్ని ఒక్క అంకెగా కుదిస్తే లాభం ఎక్కడ పుట్టిందో, ఎక్కడ చిక్కుకుందో కనబడదు.

ఒక సదస్సులో ఈ మాట అన్నప్పుడు, పరిశ్రమల అర్థశాస్త్రంలో పేరున్న ఒక ఆచార్యులు లేచి, “షేర్ మార్కెట్లో లేని కంపెనీకి త్రైమాసిక ఫలితాలేమిటండీ?” అన్నారు. సభలో చాలామంది తలలూపారు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన సంస్థ స్టాక్ ఎక్స్ఛేంజి గడప తొక్కలేదు. కనుక త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా, చివరిదైతే 60 రోజుల్లోగా, ఫలితాలు బయటపెట్టాలన్న సెబీ నిబంధన దానికి పట్టదు. అంతవరకు ఆయన మాట సరైనదే. ప్రకటించనిది లేనట్టే అనుకోవడం దగ్గర మాకు తగువు. ఈ వ్యాసం ఆ తగువులోంచే పుట్టింది.

పోలిక కోసం దూరం పోనక్కరలేదు, రామగుండంలోనే ఉంది. పాత ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచి 1999లో మూతపడింది. అదే చోట లేచిన కొత్త ఎరువుల కర్మాగారం ఆర్ఎఫ్‌సీఎల్‌కు బొగ్గుతో పని లేదు. మల్లవరం నుంచి రాజస్థాన్‌లోని భిల్వారా దాకా తలపెట్టిన పైపులైనులో రామగుండం వరకు వేసిన భాగం దానికి కోస్తా వైపు నుంచి సహజవాయువు తెస్తుంది. 2021 మార్చి నుంచి, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో, అక్కడ యూరియా వాణిజ్య ఉత్పత్తి సాగుతోంది. పైపులైను వ్యాపారాన్ని ఎలా చదవాలో మనవాళ్లకు బాగా తెలుసు. బావిలో ఎంత గ్యాస్ ఉందని అడగరు. ఈ మూడు నెలల్లో పైపులో ఎంత పారింది, రవాణా రుసుము ఎంత, కొన్నవాడు డబ్బు కట్టాడా అని అడుగుతారు. ఆర్ఎఫ్‌సీఎల్‌లో వాటా ఉన్న గెయిల్ లిస్టయిన కంపెనీ కాబట్టి ఆ ప్రశ్నలకు ఏడాదికి నాలుగుసార్లు జవాబు చెబుతుంది. ఒకే ఊళ్లో ఎక్కడినుంచో వచ్చే గ్యాసు లెక్క మూడు నెలలకోసారి తెలుస్తుంది, కాళ్ల కింది బొగ్గు లెక్కకు మాత్రం ఏడాది ఆగాలి.

బొగ్గుకూ అలాంటి నడిమి దారి ఉంది. బొగ్గు తవ్వే ఫేస్ నుంచి బెల్టు, బెల్టు నుంచి బంకర్, బంకర్ నుంచి సీహెచ్‌పీ (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్), అక్కడ క్రషర్ దాటి వ్యాగన్. వ్యాగన్ ఎన్టీపీసీ వారి ఎంజీఆర్ (మెర్రీ-గో-రౌండ్) లైను మీద చుట్టు తిరిగి బొగ్గు కింద వదిలి వస్తుంది, లేదా దక్షిణ మధ్య రైల్వే పట్టాలెక్కి దూరపు కేంద్రాలకు పోతుంది. మన పరిశోధకులు ఫేస్ దగ్గర చాలా కాలం గడిపారు, కార్మిక జీవితం మీద మంచి పుస్తకాలు రాశారు. బాయికీ బాయిలర్‌కూ నడుమ ఏం జరుగుతుందో చూడటానికి మాత్రం ఎవరూ ఆగలేదు.

రామగుండం ప్రాంతంలోని ఒక సీహెచ్‌పీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి నాకు దీన్ని రెండు వాక్యాల్లో చెప్పాడు. “బొగ్గు తీసుడు తక్వ గాలేదు సారూ, పోవుడే తక్వైంది. బంకర్ నిండినంక బెల్టు నడవది, బెల్టు నడవకుంటె లోపల ఎంతమంది మస్టర్ వడితే ఏం ఫాయిద?” ఈ మాటను లెక్కల భాషలోకి మార్చి చూద్దాం. స్టాక్ యార్డులో పడి ఉన్న బొగ్గు లాభం కాదు. తీయడానికైన ఖర్చు లేక అమ్మితే వచ్చే ధర, రెండిట్లో తక్కువదాని చొప్పున విలువ కట్టిన నిల్వ మాత్రమే. అది కొన్నవాడి చేతికి పోయినప్పుడే అమ్మకం అవుతుంది, లాభం అప్పుడే పుస్తకంలోకి ఎక్కుతుంది. అప్పటికీ డబ్బు రాలేదు. విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో బిల్లు కట్టేదాకా అది బకాయి. అంటే బొగ్గు రెండు గేట్లు దాటాలి. మొదటిది వ్యాగన్ గేటు, రెండోది బిల్లు గేటు. ఈ రెండూ కార్మికుడి చేతిలో లేవు, అతని మస్టర్‌తో, అంటే హాజరుతో, వాటికి సంబంధం లేదు. లాభనష్టాల నిందంతా మాత్రం మస్టర్ మీదే పడుతూ వచ్చింది.

నాలుగు త్రైమాసికాల్లో నేను ఎక్కువ కాలం గడిపినది రెండోదానితో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండుతుంటే కరెంటు వాడకం పెరుగుతుంది, బొగ్గు వచ్చింది వచ్చినట్టు పోతుంది. పోకపోయినా ప్రమాదమే, మన గోదావరి లోయ బొగ్గు కుప్పలో ఎక్కువ రోజులుంటే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. జూలైలో కథ తిరగబడుతుంది. ఓపెన్‌కాస్టుల్లో హాల్ రోడ్డు బురదవుతుంది, డంపర్లు జారతాయి, షవెల్ ఆగుతుంది, మోటార్లు పెట్టి అడుగునున్న నీళ్లు తోడుకుంటూ కూర్చోవాలి. వచ్చిన కాస్త బొగ్గూ తడిసి చూట్‌లలో ఇరుక్కుంటుంది. అదే రోజుల్లో కృష్ణలో వరద వస్తే శ్రీశైలం, నాగార్జునసాగర్‌లలో జల విద్యుత్తు మొదలవుతుంది. అది చవక గనుక థర్మల్ యూనిట్లను తగ్గిస్తారు. తీయడం తగ్గిన నెలల్లోనే కొనడమూ తగ్గుతుంది. జీతాలు, వడ్డీ, తరుగుదల మాత్రం ఎండాకాలంలో ఎంతో వానాకాలంలోనూ అంతే. కృష్ణకు మంచి నీళ్లొచ్చిన ఏడు రైతుకు పండగ, సింగరేణి రెండో త్రైమాసికానికి గండం. శ్రీశైలం గేట్లు ఎత్తిన వార్తను గోదావరిఖని సీహెచ్‌పీ రవాణా రిజిస్టర్‌తో కలిపి చదివిన వ్యాసం ఇంతవరకు నా కంటపడలేదు.

వేసవిలో బంకర్ ఖాళీగా, వానల్లో నిండుగా ఉండటం కంపెనీలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. దారి మూసుకుంటే లాభం ఏమవుతుందో అంకెల్లో చూడాలన్నవారికి 2020-21 చూపిస్తాను. అంతకుముందు ఏడాది 6.40 కోట్ల టన్నులు తీసిన కంపెనీ ఆ ఏడాది 5.06 కోట్ల టన్నుల దగ్గర ఆగింది. కార్మికులు రాక కాదు, లాక్‌డౌన్‌లో కరెంటు వాడకం పడిపోయి బొగ్గు అడిగేవాడు లేక. ఉత్పత్తి అయిదో వంతు తగ్గితే నికర లాభం 993.86 కోట్ల నుంచి 272.64 కోట్లకు, అంటే నాలుగో వంతుకు దగ్గరగా జారింది. నడిమి దారి మూసుకుంటే స్థిర ఖర్చులు లాభాన్ని ఎంత వేగంగా తినేస్తాయో ఇంతకన్నా స్పష్టంగా ఏ పట్టికా చెప్పదు. దీనికి ఎదురు ఉదాహరణ 2024-25. ఆ ఏడాది ఉత్పత్తి 7.00 కోట్ల టన్నుల నుంచి 6.90 కోట్లకు తగ్గింది. ప్రభుత్వం ప్రకటించిన లాభం మాత్రం 4,701 కోట్ల నుంచి 6,394 కోట్లకు పెరిగింది. తట్టా చెమ్మస్ పట్టినవాడి శ్రమే లాభాన్ని నిర్ణయిస్తుందంటే ఈ రెండేళ్లూ అర్థం కావు.

ఇక్కడ మళ్లీ ఆచార్యుల వాదం దగ్గరికి రావాలి. ఆయన వర్గం ఎప్పుడూ 1990ల నుంచి మొదలుపెడుతుంది. సింగరేణి 1992లో, 1996లో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప ఎక్కింది, 1996-97 చివరికి పేరుకున్న నష్టం 1,219 కోట్లు. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి, కంపెనీ లాభాల్లోకి వచ్చింది. దీన్నిబట్టి సమ్మెలు ముంచాయి, క్రమశిక్షణ తేల్చిందని తీర్మానం. ఈ వాదాన్ని చాలా కాలంగా పాఠంగా చెబుతున్నారు, అది పోటీ పరీక్షల పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. ఇందులో ఒక పెద్ద సంగతి తప్పిపోయింది. ఆ రోజుల్లో సింగరేణి తన బొగ్గుకు తాను ధర కట్టలేదు. ధరల నియంత్రణ ఢిల్లీ చేతిలో ఉండేది. నాణ్యమైన గ్రేడులకు 1996లో మొదలైన సడలింపు అన్ని గ్రేడులకూ అందింది 2000 జనవరి 1న. లోతుకు పోయే కొద్దీ ఖర్చు పెరిగే భూగర్భ గనుల కంపెనీకి, ధర వేరేవాడు కడితే, నష్టం రాకుండా ఎలా ఉంటుంది? రెండో గేటు సంగతి ఇంకా ఘోరం. దేశంలోని విద్యుత్ బోర్డులు బొగ్గు, విద్యుత్ సంస్థలకు పెట్టిన బకాయిలు ఎంతగా పెరిగాయంటే, 2001లో మాంటెక్‌సింగ్ అహ్లూవాలియా కమిటీ వాటిని బాండ్లుగా మార్చి ఒకేసారి తీర్చే పద్ధతిని సూచించవలసి వచ్చింది. 1990ల మొదట్లో సమ్మెల వల్ల పోయిన పనిదినాలు తక్కువేమీ కావన్నది నిజం. అయినా ముంచినవి ఢిల్లీ కట్టిన ధర, బిల్లు గేటు. సమ్మెలు ఆ మునకలో వినబడిన కేకలు.

రెండో త్రైమాసికానికి ఇంకో విశేషం ఉంది. బొగ్గు బలహీనంగా పోయే ఆ నెలల్లోనే ఊరికి అన్నిటికన్నా మంచి వార్త వస్తుంది. లాభాల వాటా ప్రకటన సెప్టెంబర్‌లో, దసరా ముందు. దీపావళి బోనస్ ఆ వెంటనే. పంచేది గడిచిన ఏటి లాభం, పంచడానికి కావలసిన నగదు మాత్రం ఈ ఏటి వానాకాలంలోంచి రావాలి. 2023 సెప్టెంబర్‌లో పదకొండో వేతన ఒప్పందం బకాయిల కింద కార్మికులకు 1,726 కోట్లు విడుదలయ్యాయి. అవి 2021 జూలై నుంచి పేరుకున్నవి. అంత సొమ్ము కదిలిన త్రైమాసికం ఎలా నిలబడిందో, ఎంత అప్పు తెచ్చారో ఏడాది నివేదికలో విడిగా కనబడదు.

ఆ డబ్బు ఊళ్లో ఎలా ప్రవహిస్తుందో చూడాలంటే గోదావరిఖని లక్ష్మీనగర్‌లో కూర్చోవాలి. అక్కడ ఒక కిరాణా దుకాణదారుడు తన ఖాతా పుస్తకం నా ముందు పెట్టాడు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పేజీలు నల్లగా నిండిపోయి ఉన్నాయి. దసరా తర్వాత పేజీలన్నిటికీ అడ్డగీతలు. “కంపెనీ ఏం సంపాయించిందో నేను పేపర్ల సదివేది లేదు, ఈ గీతలు చాలు” అన్నాడు. ఇంకో పుస్తకంలో అడ్డగీతలు లేని పేజీలున్నాయి, అవి ఓబీ, అంటే బొగ్గు మీది మట్టి తీసే, కాంట్రాక్టు కార్మికులవి. మట్టి తీసే డంపర్ నడిపే కుర్రవాడొకడు చాయ్ తాగుతూ, “వాన వడితె బండి ఆగుతది, బండి ఆగితె మాకు పైసల్ లెవ్వన్నా” అన్నాడు. పర్మినెంటు కార్మికుడి జీతం రెండో త్రైమాసికంలోనూ ఆగదు. ఆ త్రైమాసికపు నష్టాన్ని నేరుగా ఒంటి మీద మోసేది ఈ కుర్రవాడే. లాభంలో అతనికి మొదటిసారి 2024లో 5,000 రూపాయలు ఇచ్చారు, 2025లో 5,500.

లాభాల వాటా తగువూ ఇక్కడికే వస్తుంది. 2024 సెప్టెంబర్ 20న ప్రభుత్వం 4,701 కోట్ల లాభంలో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం, అంటే 796 కోట్లు ప్రకటించింది. మొత్తం లాభం మీద 33 శాతమైతే 1,551 కోట్లు కావాలని సంఘాలు గొడవ చేశాయి. విస్తరణకు డబ్బు కావాలన్నది కాదనలేని అవసరం. అయితే ఆ 2,289 కోట్లు ఒక్కరోజులో పుట్టినవి కావు. జూన్‌లో, సెప్టెంబర్‌లో, డిసెంబర్‌లో, మార్చిలో ఎంతెంత పక్కకు పోతోందో కార్మికుడికి చెప్పి ఉంటే, శాతం దేని మీద అన్న ప్రశ్న ఏడాదంతా గేట్ మీటింగుల్లో నలిగి, ఒక ఒప్పందానికి వచ్చేది. వాటానే మూడు నెలలకోసారి లెక్కగట్టి, ఏడాది చివర సర్దుబాటు చేయడం సాధ్యం. జీతంలో పన్ను కోతను అలాగే సర్దుతున్నారు.

నేను చూసిన సీహెచ్‌పీ గేటు లోపల ఒక బోర్డు ఉంది. దాని మీద లక్ష్యం, ఉత్పత్తి, శాతం అని మూడు గడులు. రోజూ సుద్దతో నింపుతారు. ఎంత బొగ్గు పోయింది, ఎవరు ఎంత బాకీ అన్న గడులు లేవు. ఆ రెండు గడులు కలిపి, రోజు బదులు మూడు నెలలకు నింపితే అదే త్రైమాసిక ఫలితం. దానికి సెబీ అక్కరలేదు. రాష్ట్రం, కేంద్రం అనే ఇద్దరు యజమానులు ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.

నేను తిరిగింది రామగుండం మూడు ఏరియాలలోనే. శ్రీరాంపూర్, భూపాలపల్లి, కొత్తగూడెం, మణుగూరులలో ఇంకా రిజిస్టర్లు చూడవలసి ఉంది. అక్కడా వానాకాలంలో బంకర్ నిండుతుంది, అక్కడా కొనేది ఆ జెన్‌కోయే. కనుక ఈ లెక్క సింగరేణి అంతటికీ, తాల్చేరు, కోర్బాలతో సహా, కరెంటు బోర్డుకు అప్పు మీద బొగ్గు అమ్మే ప్రతి గనికీ వర్తిస్తుందనే నా వాదం. కాదనేవారు ముందుగా ఒక జూలై నెల రవాణా రిజిస్టర్‌ను ఎదురుగా పెట్టుకుని మాట్లాడాలి.