మాయాబజార్: ఎవరి నవ్వు వాళ్ళదే

'మాయాబజార్' తెలుగువాళ్ళందరి ఉమ్మడి ఆస్తి అనే మాట బాగా స్థిరపడిపోయింది. 1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమాకి 2010లో రంగులద్ది మళ్ళీ హాళ్ళకి పంపారు. 2013లో ఒక ఇంగ్లీషు వార్తా ఛానెల్ జరిపిన ఓటింగులో దేశంలోకెల్లా గొప్ప సినిమాగా ఎన్నికైంది. అలాంటి ప్రతి సందర్భంలోనూ వినిపించే పొగడ్త ఒకటే: కులం, వయసు, ప్రాంతం తేడా లేకుండా అందరూ ఒకేలా ఆనందించే సినిమా అని. ఆ 'ఒకేలా' అనే మాట దగ్గరే మాకు పేచీ ఉంది.

ఇంకో వైపు, పౌరాణికాలన్నీ బ్రాహ్మణీయ భావజాలానికి బాకాలేనని ఒక్క మాటతో కొట్టిపారేసే ధోరణి మన ఉద్యమాల్లోనే ఉంది. దానితోనూ మాకు తృప్తి లేదు. మన అమ్మలు, అయ్యలు కూలి డబ్బుల్లోంచి నేల టిక్కెట్టు కొనుక్కుని, ఘటోత్కచుణ్ణి చూసి ఎందుకంత సంబరపడ్డారో ఆ వాదన చెప్పలేదు. వాళ్ళంతా మోసపోయారని తీర్మానించటం వాళ్ళ తెలివిని తక్కువ చెయ్యటమే. ఒకే సినిమాకి జనం ఒకేలా ఎందుకు స్పందించరు? ఎవరు ఏ కథ విని హాల్లోకి వచ్చారు, హాల్లో ఎక్కడ కూర్చున్నారు, బయట ఎలా బతుకుతున్నారు అన్నవాటిలో దీనికి జవాబు వెతకాలని మేం అనుకుంటున్నాం.

ముందు కథ సంగతి చూద్దాం. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖా పరిణయం జనం నోళ్ళలో, నాటకాల్లో పెరిగిన కథ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి సమాజాలు దాన్ని తమ మాయలు, మంత్రాలతో ఊరూరా ఆడాయి. 1936లో పి.వి. దాస్ సినిమాగా తీశాడు. కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు మాటలతో విజయా వాళ్ళు తీసిన సినిమాకి పునాది ఈ పరంపరే. అంటే దీనికి 'అసలు' అని చెప్పుకునే గ్రంథం ఒకటి లేదు. పద్యభారతం ఇంట్లో చదివించుకున్నవాడు ఒక అసలుతో పోల్చి చూస్తాడు. సురభి నాటకం చూసినవాడు ఇంకొక అసలుతో పోలుస్తాడు.

మాదిగవాడల్లో మూడో అసలు ఉంది. చిందువాళ్ళు, డక్కలివాళ్ళు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. బ్రాహ్మణుడితో వాదానికి దిగి, నీకంటే ముందు మేమే ఉన్నామని నిలదీస్తాడు. ఆ పురాణం విని పెరిగినవాళ్ళకి పురాణం అంటే చేతులు కట్టుకుని వినేది కాదు, ఎదురు ప్రశ్న వేసేది. 1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరి'లో చేసిన పని కూడా ఇలాంటిదే. దశావతారాల కథల్ని తిరగేసి, దైత్యులు ఈ నేల మనుషులేనని, అవతారాలు వాళ్ళని అణచినవాళ్ళ చరిత్ర అని చదివాడు. ఫూలే పేరు వినకపోయినా ఆ చూపు మన వాడలకి కొత్తది కాదు. శర్మ, శాస్త్రి అనే ఇద్దరు పండితులు రాక్షసుల గింబళి, గిల్పం ముందు తెల్లబోతుంటే వాడ జనానికి అది బాగా తెలిసిన ఆటలాగే కనిపించి ఉంటుంది.

ఇక మాట సంగతి. ఘటోత్కచుడి ఆశ్రమంలో రాక్షసులకి ఒత్తులు పలకవు. అస్మదీయులు వాళ్ళ నోట 'అసమదీయులు' అవుతుంది. మనవాళ్ళు కానివాళ్ళకి 'తసమదీయులు' అని సొంతంగా ఒక మాట పుట్టిస్తారు. ఘటోత్కచుడు కోప్పడడు సరికదా, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెక్కణ్ణుంచి వస్తాయని వీరతాళ్ళు వేయిస్తాడు. ఇక్కడ హాలంతా నవ్వుతుంది. అయితే కుర్చీలో కూర్చున్న చదువరికి అది నాలుక తిరగనివాళ్ళమీద నవ్వు. బళ్ళో ఒత్తు పలకలేక బెత్తం దెబ్బలు తిన్న పిల్లవాడి నవ్వు వేరు. తప్పు పలికినందుకు సన్మానం చేసే గురువు వాడికి మొట్టమొదటిసారి తెరమీదే కనిపించాడు. తర్వాత ఆ మాట పత్రికల రాజకీయ వార్తల్లోకి ఎక్కింది, కాకపోతే ఒత్తు తగిలించుకుని 'తస్మదీయులు'గా ఎక్కింది. రాక్షసుల మాటని వాడుకుంటూనే రాక్షసుల నాలుకని దిద్దేశారు.

తిండి దగ్గర కూడా ఇంతే. పెళ్ళివారి కోసం వండిందంతా ఘటోత్కచుడు ఒక్కడే ముందుగా తినేస్తాడు. ఊరి పెళ్ళిళ్ళలో కట్టెలు కొట్టి, పందిరి వేసి, డప్పు కొట్టి, అందరి భోజనాలూ అయ్యాక పెరట్లోనో రోడ్డు పక్కనో మిగిలింది పెట్టించుకున్నవాళ్ళకి ఆ దృశ్యం వట్టి తిండిపోతు హాస్యం కాదు. మొదటి బంతి మనవాడిదే అయిన పెళ్ళి అది. కానీ అక్కడే ఇంకో సంగతి గమనించాలి. ఆ విందులో గారెలు, అరిసెలు, లడ్లు, పులిహోర, దప్పళం ఉన్నాయిగానీ ఒక్క మాంసం ముక్క లేదు. భారతంలో హిడింబుడు నరమాంసం తినే రాక్షసుడు. అతని మేనల్లుణ్ణి జనానికి ప్రియమైనవాణ్ణి చెయ్యాలంటే ముందు శాకాహారిని చెయ్యాల్సి వచ్చింది. మన తిండి తిననిచ్చి, మనవాడుగానే ఉంచి ఘటోత్కచుణ్ణి మెచ్చుకునే ధైర్యం ఆ తెరకి లేకపోయింది. నవ్వుతూనే ఇది పట్టుకున్న ప్రేక్షకులు మన పెద్దల్లో లేరని ఎవరు చెప్పగలరు?

హాలు సంగతి చూద్దాం. దక్షిణాదిలో అన్ని కులాలూ ఒకే కప్పు కింద చేరిన మొదటి ప్రదర్శనశాల సినిమాహాలు. అక్కడ చోటుని నిర్ణయించింది పుట్టుక కాదు, టిక్కెట్టు డబ్బులు అని తమిళ సినిమా మీద 1981లో రాసిన పుస్తకంలో కార్తిగేసు శివతంబి వాదించారు. ఇందులో నిజం ఉంది. గుడిలోకి, హోటల్లోకి, మంచినీళ్ళ బావి దగ్గరికి రానివ్వని ఊళ్ళోనే హాలు తలుపు టిక్కెట్టుకి తెరుచుకుంది. కానీ నేల, బెంచీ, కుర్చీ అనే విభజన డబ్బుదేనని చెప్పుకున్నా, డబ్బు ఎవరి చేతుల్లో ఉందో ఊరందరికీ తెలుసు. పైగా టిక్కెట్టు కొన్నంత మాత్రాన కులం గేటు బయట ఆగిపోదు.

ఈ సినిమా పెళ్ళిపీటల సన్నివేశంలో, మాయాశశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతాడు. రాజకుమారుడు కేకపెడతాడు, హాలు ఘొల్లుమంటుంది. అన్ని తరగతులూ కలిసి నవ్వే చోటు అది. ఇప్పుడు 1991కి వద్దాం. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, జూలై నెలలో, సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న రెడ్డి కులస్థుడికి తగిలింది. అక్కణ్ణుంచి గొడవ ముదిరింది, సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళింది. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది.

తెరమీద రాక్షసుడి కాలు రాజకుమారుడి కాలుమీద పడితే అది హాస్యం. తెర ఎదురుగా దళితుడి కాలు తగిలితే అది ఊచకోతకి మొదలు. ఈ రెండూ తెలిసిన ప్రేక్షకుడు ఆ పెళ్ళి సన్నివేశాన్ని కుర్చీలోని ప్రేక్షకుడితో పాటు 'ఒకేలా' ఎలా చూస్తాడు? అతని నవ్వులో తన పగ తీరిన తృప్తి ఉంటుంది, భయమూ ఉంటుంది. ఇది అభిరుచికి సంబంధించిన తేడా అనుకోవటం పొరపాటు. బతుకులో ఉన్న తేడాయే హాల్లోకి వచ్చి కూర్చుంటుంది.

చివరిగా సినిమా ఆగిన చోటు. ఉపాయం కృష్ణుడిది, కష్టం ఘటోత్కచుడిది, పెళ్ళి అభిమన్యుడిది. అందరూ సుఖంగా ఉండగా తెర పడుతుంది. వ్యాసభారతం అక్కడితో ఆగదు. ద్రోణపర్వంలో కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తిని ఘటోత్కచుడిమీద వెయ్యాల్సి వస్తుంది. కొడుకు చచ్చాడని పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులేస్తాడు. వీడు యజ్ఞాలకీ బ్రాహ్మణులకీ శత్రువు, కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేదంటాడు. ఆ పర్వం చదివినవాళ్ళకి సినిమాలో కృష్ణుడు, ఘటోత్కచుడు ఒకర్నొకరు చూసుకుని నవ్వే ప్రతిసారీ గుండెల్లో కలుక్కుమంటుంది. చదవనివాళ్ళకి మనవాడు గెలిచిన కథే మిగులుతుంది. ఇందులో ఎవరి స్పందన సరైనదని తీర్పు చెప్పటం మా పని కాదు. అడవిలో వదిలేసి వచ్చిన హిడింబి కొడుకు అవసరానికి పనికొచ్చాడు, అవసరం తీరాక బరువయ్యాడు. ఈ చరిత్ర మొదటి సగాన్ని సినిమా చూపించింది. రెండో సగం మన ఊళ్ళల్లో జరిగింది.

తెలుగు సినిమా చరిత్రలు ఇంతవరకూ ఎక్కువగా దర్శకుల, నటుల, నిర్మాతల చుట్టూ తిరిగాయి. కెమెరా పనితనం గురించి పేజీలు నింపినవాళ్ళు నేలమీద కూర్చున్నవాళ్ళని పట్టించుకున్నది తక్కువ. 1957లో ఆ నేలమీద కూర్చున్నవాళ్ళు కొద్దిమందే మిగిలారు. వాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేకపోయారో అడిగి రాసుకోవటం మన పరిశోధకులు వెంటనే చెయ్యాల్సిన పని. అది రాయకపోతే, కుర్చీలో కూర్చున్నవాళ్ళ నవ్వే తెలుగువాళ్ళందరి నవ్వుగా చరిత్రలో మిగిలిపోతుంది.