మెచ్చిన పాట, మెచ్చిన కథ

ఇల్లెందు, కొత్తగూడెముల నడుమనున్న టేకులపల్లికి పాల్వంచ దూరము కాదు. 17వ శతాబ్దిలో ఆ పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండిన కంచెర్ల గోపన్నయే భద్రాచల రామదాసు. ఆయన కీర్తనలు భజన గోష్ఠులలో చోటుకొక వరుసను సాగినవి. 1948లో వెలసిన విజయవాడ ఆకాశవాణి ద్వారా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళమున వినిన పిమ్మట, పలువురికి ఆ వరుసయే అసలు వరుస అయినది. మాకును అదియే ప్రియము. కాని ఒక వరుసపై మక్కువ కుదిరినకొలది తక్కినవి చెవికి దూరమగును.

తెరకెక్కిన కథల గతియు నింతే. 1964లో చిత్తూరు నాగయ్య తానే దర్శకుడును, కథానాయకుడునై "రామదాసు"ను తీసిరి. ఆ యేడే కోడూరి కౌసల్యాదేవి నవల "చక్రభ్రమణము" ఆదుర్తి సుబ్బారావు చేతిలో "డాక్టర్ చక్రవర్తి" అయినది. తొలి నంది పురస్కారములలో ఉత్తమ చిత్రముగా నిలిచినది. ఆమెదే "ప్రేమనగర్" 1971లోను, యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" 1976లోను చిత్రములైనవి. రెండింటికిని దర్శకుడు కె. ఎస్. ప్రకాశరావు, నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు.

"సెక్రటరీ" చదివిన ప్రతి పాఠకురాలికి రాజశేఖరము ముఖము వేరుగా తోచియుండును. చిత్రము చూచిన పిదప అందరికిని ఒక్కటే ముఖము! ఇది లాభమో నష్టమో తేల్చుట సులభము కాదు. "డాక్టర్ చక్రవర్తి" విషయమున మాత్రము మేము తెర పక్షమే: సాలూరు రాజేశ్వరరావు బాణీలు పుటలలో దొరకవు గదా. "సెక్రటరీ"ని పుస్తకముగానే మరల చదువుదుము.