నర్సమ్మల రేడియో, యూనివర్సిటీ చదువు

ఇంజనీరింగ్ వద్దని ఇంట్లో గొడవపడి గెలిచిన పిల్లల్లో కొందరు ఇప్పుడు వెతుక్కుంటున్న కోర్సు 'డిజిటల్ మీడియా అండ్ కమ్యూనికేషన్'. ప్రాస్పెక్టస్ తెరిస్తే వీడియో ఎడిటింగ్, పాడ్‌కాస్టింగ్, సోషల్ మీడియా, డేటా అని పేపర్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే: "ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?" న్యాయమైన ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. అసలు ఈ చదువు దేని గురించి? దీనికి జవాబు సిలబస్‌లో కన్నా, ఈ చదువు మన దేశంలో నడిచొచ్చిన దారిలో బాగా దొరుకుతుంది.

మన యూనివర్సిటీల్లో ఈ శాఖ మొదట జర్నలిజం. తర్వాత మాస్ కమ్యూనికేషన్. ఇప్పుడు డిజిటల్ మీడియా. అచ్చు యంత్రం, రేడియో-టీవీలు, ఇంటర్నెట్: యంత్రం మారినప్పుడల్లా గుమ్మం మీద బోర్డు కూడా మారింది. ఈ మూడు బోర్డుల కిందా ఒక ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరు మాట్లాడొచ్చు, ఎవరు వినాలి, అది ఎవరు నిర్ణయిస్తారు?

మొదటి బోర్డు కథలో జాతీయోద్యమం వాసన ఉంది. 1920 ప్రాంతంలో అడయార్‌లోని నేషనల్ యూనివర్సిటీలో అనిబిసెంట్ జర్నలిజం పాఠాలు పెట్టించింది. పిల్లలు పని నేర్చుకోవడానికి ఆమె 'న్యూ ఇండియా' పత్రిక ఎలాగూ ఉంది. 1938లో అలీగఢ్‌లో ఒక డిప్లొమా మొదలై కొద్దికాలానికే ఆగిపోయింది. 1941లో లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో పి.పి. సింగ్ మొదలుపెట్టిన శాఖ నిలబడింది. నిలబడటం అంటే ఒకచోట కుదురుగా ఉండటం కాదులెండి. దేశ విభజనలో లక్షల మందితో పాటు ఆ శాఖ కూడా సరిహద్దు దాటింది. ముందు ఢిల్లీ చేరింది, 1962లో చండీగఢ్ వెళ్ళింది. మన దగ్గర ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో వచ్చింది. అంటే హైదరాబాద్ ఇంకా విడి రాష్ట్రంగా ఉన్న రోజుల్లో, భాషా రాష్ట్రాల గొడవ ఊరూరా నడుస్తున్నప్పుడు.

ఈ తొలి చదువుకి తన పని ఏమిటో తెలుసు. పత్రిక ఉంది, దానికి రాసేవాళ్ళు కావాలి. వార్త ఎలా రాయాలి, హెడ్డింగ్ ఎలా పెట్టాలి, ప్రూఫులు ఎలా దిద్దాలి. చదవడం రానివాళ్ళ సంగతి ఆ క్లాసులోకి రాలేదు. పత్రిక చదవలేనివాళ్ళు పత్రికా రచన పాఠంలో ఎందుకుంటారు?

వాళ్ళు పాఠంలోకి వచ్చింది రెండో బోర్డు కాలంలో. అదీ వినేవాళ్ళుగానే.

ఆ బోర్డు వెనక ఉన్న పెద్దమనుషుల్లో విల్బర్ ష్రామ్ ముఖ్యుడు. సాహిత్యం చదివేవాళ్ళకి ఆయన గురించి ఒక తమాషా సంగతి చెప్పాలి. అమెరికాలో ఎంతోమంది కవుల్ని, కథకుల్ని తయారుచేసిన అయోవా రైటర్స్ వర్క్‌షాప్‌కి మొదటి డైరెక్టర్ ఆయనే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వ సమాచార ప్రచార విభాగంలో పనిచేశాడు. ఆ తర్వాత కథల వైపు తిరిగి వెళ్ళలేదు. కమ్యూనికేషన్ అనే కొత్త చదువుని యూనివర్సిటీల్లో పాతుకునేలా చేయడంలో పడ్డాడు. 1964లో యునెస్కోతో కలిసి వచ్చిన ఆయన పుస్తకం 'మాస్ మీడియా అండ్ నేషనల్ డెవలప్‌మెంట్' మనలాంటి దేశాలకి దాదాపు ఒక మార్గదర్శిని అయింది. దాని సారం సులువుగానే చెప్పొచ్చు. పేద దేశం ముందుకు పోవాలంటే సమాచారం కావాలి, మాధ్యమాలు దాన్ని పై నుంచి కిందికి వేగంగా చేరవేస్తాయి. మరుసటి ఏడు, 1965 ఆగస్టు 17న, ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌ని ప్రారంభించింది అప్పటి సమాచార, ప్రసార మంత్రి ఇందిరా గాంధీ.

ఇక్కడ మన భాషలోని ఒక మాట దగ్గర కాసేపు ఆగాలి. 'కమ్యూనికేషన్'కి తెలుగులో అందరూ ఒప్పుకున్న మాట ఈ రోజుకీ లేదు. వాడుకలో స్థిరపడింది 'ప్రసారం'. ప్రసరించడం అంటే ఒకచోట పుట్టి నలువైపులా పాకడం, వెలుతురులాగా. వెలుతురు వెళ్ళడమే ఉంటుంది, బదులు రావడం ఉండదు. రెండో బోర్డు కాలంలో ఈ చదువు ఎలా ఆలోచించిందో ఆ ఒక్క మాటలో ఉంది. ఢిల్లీలో మాట్లాడతారు, పల్లెలో వింటారు.

ఆ ఆలోచనకి మన దేశంలో జరిగిన అతిపెద్ద పరీక్ష 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకూ, నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. కార్యక్రమాలు తయారుచేసిన మూడు కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్. అప్పటికి కరెంటే సరిగా లేని ఊళ్ళలో కోళ్ళ గూడుకి వాడే లాంటి వలతో చేసిన యాంటెన్నాలు లేచాయి. సాయంత్రం బడి ముందు ఊరంతా కూర్చుంది. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకి సైన్సు. ఇంజనీర్ల వైపు నుంచి చూస్తే అది గొప్ప విజయం. ఆ అనుభవం లేకపోతే తర్వాతి ఇన్సాట్ ఇంత తొందరగా వచ్చేది కాదు.

అయితే తేదీలు ఇంకోసారి చూడండి. ఎమర్జెన్సీ ప్రకటించింది 1975 జూన్ 25న. ఢిల్లీలో పత్రికల మీద సెన్సారు పడ్డ అయిదు వారాలకి పల్లెల్లో టీవీ వెలిగింది. ఒక ప్రయోగం కోసం ఇంకోటి పెట్టారని దీని అర్థం కాదు, ఉపగ్రహం ఒప్పందం 1969 నాటిది. కానీ 'పై నుంచి కిందికి సమాచారం' అనే సిద్ధాంతం ఆ రెండు సంఘటనల మధ్యా ఏ ఇబ్బందీ పడలేదు. సమాచారం బాగానే చేరుతోంది కదా, బదులు మాటతో పనేముంది!

ఈ ఇబ్బందిని గుర్తించినవాళ్ళు ఆ ప్రయోగం లోపలే ఉన్నారు. ఇస్రో వాళ్ళు కొందరు పరిశోధకుల్ని పల్లెల్లోనే ఉంచి జనం టీవీని ఎలా చూస్తున్నారో రాయించారు. గుజరాత్‌లో ఖేడా జిల్లా పీజ్ గ్రామంలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతోనే, వాళ్ళ యాసలోనే కార్యక్రమాలు తీశారు. వాటిలో కూలి రేట్లు, కులం, అప్పులిచ్చేవాళ్ళ దోపిడీ కూడా ఉన్నాయి. మీడియా చదువులో 'ఖేడా' ఒక పాఠం అయింది. పాఠం అయింది కానీ పద్ధతి కాలేదు. 1980ల మధ్యకి వచ్చేసరికి ఆ ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. దూరదర్శన్ సీరియళ్ళ కాలం మొదలైంది.

అసలు మలుపు క్లాసురూములో రాలేదు, క్రికెట్ వల్ల వచ్చింది. 1993 నవంబరులో జరిగిన హీరో కప్ మ్యాచ్‌లని దూరదర్శన్ కాకుండా వేరేవాళ్ళు ప్రసారం చేయొచ్చా అని గొడవ మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రభుత్వం చేతిలో ఉన్న ఆయుధం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది: గాలిలో తిరిగే తరంగాలు ప్రజల ఆస్తి. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ పి.బి. సావంత్. విడిగా ఇంకో తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తెలుగువాడు. ప్రజల ఆస్తి అంటే సర్కారు గుత్తగా పెట్టుకోకూడదు, అలాగని డబ్బున్నవాళ్ళకి అప్పజెప్పకూడదు అని ఆయన గట్టిగా హెచ్చరించాడు.

జరిగిందేమిటి? ముందు వేలం జరిగింది. 2001 జూలైలో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం మోగింది. 2002 డిసెంబరులో ప్రభుత్వం 'కమ్యూనిటీ రేడియో'కి తలుపు తెరిచింది, కానీ విద్యాసంస్థలకి మాత్రమే. దాని కింద మొదటి స్టేషన్ 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో వచ్చింది. అంటే డబ్బుంటే మాట్లాడొచ్చు, డిగ్రీలిచ్చే చోటైతే మాట్లాడొచ్చు. ఊరు మాత్రం మాట్లాడకూడదు. ఊరి చేతికి రేడియో ఇస్తే ఏమవుతుందోనని ప్రభుత్వానికి భయం.

ఆ సమయానికి జహీరాబాద్ పక్కన, అప్పటి మెదక్ జిల్లాలోని మాచ్‌నూర్‌లో ఒక స్టూడియో సిద్ధంగా ఉంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు 1990ల చివరి నుంచే అక్కడ కార్యక్రమాలు రికార్డు చేస్తున్నారు. ఎక్కువమంది దళిత మహిళలు, జొన్నలూ సజ్జలూ పండించే చిన్న రైతులు, కూలీలు. స్టూడియోని చూసుకున్న ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకామెని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకామె అల్గోల్ నర్సమ్మ. విత్తనాలు దాచుకునే పద్ధతులు, చిరుధాన్యాల పంటలు, నాటు వైద్యం, పండగ పాటలు, అన్నీ వాళ్ళ భాషలోనే. లైసెన్సు లేదు కాబట్టి గాలిలోకి వదలకూడదు. ఏం చేశారు? క్యాసెట్లు పట్టుకెళ్ళి సంఘం మీటింగుల్లో వినిపించారు. విన్నవాళ్ళు అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పేవాళ్ళు. అలా ఒకటీ రెండూ కాదు, దాదాపు పదేళ్ళు.

యూనివర్సిటీ చదువు ఇక్కడ ఒక మంచి పని చేసింది. ఊరికి నేర్పడానికి పోలేదు, ఊరి దగ్గర కూర్చుని విన్నది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ పాఠాలు చెప్పే వినోద్ పావరాల, కాంచన్ మలిక్ ఇలాంటి ప్రయత్నాలని దేశమంతా తిరిగి చూసి 2007లో 'అదర్ వాయిసెస్' అనే పుస్తకం తెచ్చారు. ఇలా చదువుకున్నవాళ్ళూ, ఊళ్ళవాళ్ళూ, సంస్థలవాళ్ళూ కలిసి ఏళ్ళ తరబడి అడిగాక, 2006 నవంబరులో ప్రభుత్వం విధానం మార్చింది. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంత్. కోర్టులో పలికిన మాట మాచ్‌నూర్ చేరడానికి పదమూడేళ్ళకు పైగా పట్టింది. తర్వాత 2011లో సెంట్రల్ యూనివర్సిటీకి కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో చైర్ వచ్చింది. జర్నలిజం క్లాసు గుమ్మం తొక్కనివాళ్ళ పని అలా ప్రపంచంలో ఒక పాఠ్యాంశం అయింది.

ఇదంతా పాత రేడియో గొడవ, ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతివాడూ స్టేషనే కదా అనిపించవచ్చు. తరంగాల తీర్పొచ్చిన 1995లోనే, ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. లైసెన్సు అడిగేవాడు లేడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలతో, పొలం పనులు చేసుకునే గంగవ్వ రెండు రాష్ట్రాలకీ తెలిసిపోయింది. మాచ్‌నూర్‌వాళ్ళు పదేళ్ళు ఎదురుచూసిన తలుపు లంబాడిపల్లికి మూసే లేదు.

కానీ అదే 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఒక ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు ఒక అమ్మాయినీ, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ మీద కోర్టుకెళ్ళింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ధర్మాసనంలో ఇద్దరే జడ్జీలు, ఒకరు జస్టిస్ నారిమన్, ఇంకొకరు మన చలమేశ్వర్. ఇరవై ఏళ్ళలో యంత్రం మారిపోయింది. కోర్టు ముందుకొచ్చింది మాత్రం పాత ప్రశ్నే.

ఇప్పుడు దానికి ఇంకో మెలిక పడింది. మాట్లాడటానికి అనుమతి అక్కర్లేదు, వినబడటానికి కావాలి. ఏ వీడియో ఎవరి ఫోన్లో ముందు కనబడాలో ఒక కంపెనీ రాసుకున్న లెక్క తేలుస్తుంది. ఆ లెక్క మనకి చూపించరు, అది ఎప్పుడు మారిందో కూడా చెప్పరు. 1885 చట్టం కనీసం అచ్చులో ఉండేది, కోర్టులో చదివి వినిపించడానికైనా వీలయ్యింది. ఇక సంగం రేడియో లాంటి స్టేషన్లకి ఈనాటికీ సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. ఊరి పాట వినిపించొచ్చు, ఊళ్ళో నిన్న జరిగిన సంగతి వార్తగా చెప్పకూడదు.

అందుకని, డిజిటల్ మీడియా చదవబోయేవాళ్ళు ఎడిటింగ్ బాగా నేర్చుకోవాలి, తప్పదు. ఉద్యోగం అడిగేది దాన్నే. కానీ లాహోర్ క్లాసులో నేర్పిన అచ్చు పనీ, మాచ్‌నూర్ క్యాసెట్లూ మ్యూజియం సరుకు అయినట్టే, ఇప్పుడు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ కూడా అవుతుంది, బహుశా ఇంకా తొందరగా. 1885 చట్టం ఏమంటుందో, 1995 తీర్పు ఎందుకొచ్చిందో, ఫోన్లో ముందు కనబడేదాన్ని ఎవరు ఎంచుతున్నారో చెప్పే పేపరు తమ సిలబస్‌లో ఉందో లేదో చేరేముందు చూసుకోవడం మంచిది. లేకపోతే అడగాలి. పావరాల, మలిక్ పుస్తకం లైబ్రరీలో దొరుకుతుంది, జహీరాబాద్‌కి హైదరాబాద్ నుంచి బస్సు ఉంది.